లక్ష్మీపతిగారి కష్టాల రెజ్యూమే

ప్రజాసేవ చెయ్యక తప్పదన్న సంగతి లక్ష్మీపతిగారికి ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆష్‌బర్న్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో, మటన్ బిర్యానీ ట్రేలు దిగిన వెంటనే తెలిసింది.

"నేను పదవిని కోరుకోలేదు," అన్నారాయన మైకులో. హోమ్ థియేటర్ సోఫాలన్నీ నిండిపోయి, మిగిలినవాళ్ళు ప్లేట్లు పట్టుకుని మెట్లమీద సర్దుకున్నారు. "పదవే నన్ను కోరుకుంది. మన కౌంటీ బోర్డుకి సూపర్‌వైజర్‌గా పోటీ చెయ్యమని నా అంతరాత్మ నన్ను..." ఇక్కడాయన చేతిలోని కార్డు చూసుకున్నారు. "...కంపెల్ చేసింది."

చప్పట్లు. ఆపైన శాలువాలు. శాలువాలు ఆయనే తెప్పించారు, కప్పేవాళ్ళు మాత్రం వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.

వార్త నిమిషాల్లో గుంటూరు చేరింది. "ఇన్నేళ్ళు అమెరికాలో ఉండి చివరికి సూపర్‌వైజర్ ఉద్యోగమా నాయనా!" అని మేనత్త ఫోన్లో ముక్కు చీదింది. అది కార్పొరేటర్‌కి ఎక్కువ, ఎమ్మెల్యేకి తక్కువ అని ఆయన భార్య సుబ్బులుగారు విడమరిచి చెప్పాక, "అయితే కారుకి లైటుంటుందా?" అని ఊరట చెందింది.

ఆ మధ్యాహ్నం యాంకరింగ్ చేసింది దివాకర్. వరంగల్ కుర్రాడు. కుర్రాడంటే నలభైకి దగ్గరపడ్డాడు కానీ, ఆష్‌బర్న్ తెలుగువాళ్ళలో సొంత ఇల్లు కొననివాణ్ణి కుర్రాడనే అంటారు. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని ఏ ఫంక్షన్‌కైనా మైకు అతనికే ఇస్తారు. మొన్నమొన్నటిదాకా ఒక డేటా సెంటర్ కంపెనీలో ఇంజనీరు. ఇప్పుడు కాడు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకో కంపెనీ అతని పేరున వీసా కాగితాలు ఫైల్ చెయ్యాలి. అందుకు సర్కారు ఇచ్చే గ్రేస్ పీరియడ్ నవంబరు రెండో వారంతో అయిపోతుంది. అది దాటితే భార్య మీనానీ, మూడో క్లాసు చదువుతున్న ఆద్యనీ తీసుకుని విమానం ఎక్కడమే.

ఫైల్ చేస్తానని మాటిచ్చిన మహానుభావుడు ఒక్కడే దొరికాడు. ఆయన లక్ష్మీపతిగారు, శ్రీపతి గ్లోబల్ కన్సల్టింగ్ అధినేత.

శ్రీపతి గ్లోబల్ సామాన్యమైన సంస్థ కాదు. నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన పిల్లాడి రెజ్యూమేలో ఏడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టి, వీడియో ఇంటర్వ్యూలో పిల్లాడు పెదాలు కదుపుతుంటే పక్కనుంచి ఇంకొకడు జవాబులు చెప్పే ఏర్పాటు చేసి, ఒడ్డున పడేసేది. దీన్ని గిట్టనివాళ్ళు మోసం అంటారు. లక్ష్మీపతిగారు ఎంపవర్‌మెంట్ అంటారు.

"నవంబర్‌లోపు నీ ఫైలింగ్ నాది తమ్ముడూ," అన్నారాయన దివాకర్ భుజం తట్టి. "ఈలోపు ఎలక్షన్లో కొంచెం చెయ్యి వెయ్యి."

దివాకర్ చెయ్యి వేశాడు.

* * *

చిక్కు మరుసటి శనివారం బయటపడింది. కనిపెట్టింది లక్ష్మీపతిగారి కూతురు నమ్రత. కాలేజీలో పొలిటికల్ సైన్స్ చదువుతోంది, తండ్రి ప్రచారానికి మెసేజ్ డైరెక్టర్‌గా కొన్నాళ్ళు సెలవు పెట్టి వచ్చింది. బేస్‌మెంట్ ఆఫీసులో వైట్‌బోర్డు ముందు నిలబడి, డాక్టర్ రిపోర్టు చదివినట్టు చదివింది.

"డాడ్, నీ బయో చాలా స్మూత్. నీకు స్ట్రగుల్ లేదు. జీరో. ఓటర్స్‌కి జర్నీ కావాలి. అవతల డెబ్రా హాల్‌స్టన్ ఉంది చూడు, ఆమెకి హౌస్ ఫైర్ ఉంది, డెడ్ హజ్బెండ్ ఉంది. నీకేముంది?"

"నాకు మీ అమ్మ ఉంది," అన్నారు లక్ష్మీపతిగారు.

"డాడ్! సీరియస్!"

సుబ్బులుగారు పైన గార్డెన్ క్లబ్ వాళ్ళకి ఉప్మా పెడుతున్నారు కనక ఈ మాట వినలేదు.

నమ్రత బోర్డు మీద నాలుగు మాటలు రాసింది. అండర్‌గో. ఎండ్యూర్. విత్‌స్టాండ్. ఎన్‌కౌంటర్. ఒక్కోదాని పక్కన ఖాళీ వదిలింది.

"ఇవి ఫార్మల్ వెర్బ్స్. 'నాకు కష్టం వచ్చింది' అంటే పూర్. 'ఐ అండర్‌వెంట్' అంటే లీడర్. వెర్బ్స్ రెడీ డాడ్. ఇప్పుడు వాటిలోకి స్టఫ్ కావాలి."

"ఎన్‌కౌంటర్ తీసెయ్యమ్మా," అన్నారు లక్ష్మీపతిగారు. "మనవాళ్ళకి పోలీసులు గుర్తొస్తారు."

ఎన్‌కౌంటర్ చెరిగిపోయింది. మిగతా మూడింటి కోసం ఆయన జీవితాన్ని తవ్వడం మొదలైంది.

"మోకాలి ఆపరేషన్ అయింది కదే. అండర్‌వెంట్."

"పికిల్‌బాల్ ఆడి పడ్డావు డాడ్."

"వంటింటి రీమోడలింగ్? నెలల తరబడి బయట తిండి తిన్నాం. ఎండ్యూర్ చేశాం కదా."

"ఎవరికీ చెప్పకు ప్లీజ్."

"నేను మొట్టమొదట అమెరికా వస్తున్నప్పుడు, విమానంలో నా వెజ్ భోజనం వేరేవాడికి ఇచ్చేశారు. ఆవేళ శనివారం. నేను నీచు ముట్టను. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వాషింగ్టన్ దాకా వేరుశనక్కాయలతో విత్‌స్టాండ్ చేశాను." ఆయన గొంతు నిజంగానే వణికింది. ఇప్పటికీ మానని గాయం అది.

నమ్రత మార్కర్ మూత పెట్టేసింది. "డాడ్, యూ ఆర్ ఎ వెరీ హ్యాపీ మ్యాన్. వీ ఆర్ గోయింగ్ టు లూజ్."

అప్పుడు లక్ష్మీపతిగారి మొహంలో, పాతికేళ్ళుగా ఎందరో నిరుద్యోగులకి దారి చూపిన ఆ వెలుగు కనిపించింది.

"మన దగ్గరికొచ్చే పిల్లాడికి ఎక్స్‌పీరియన్స్ లేదనుకో. ఏం చేస్తాం?" అన్నారు.

"ఏం చేస్తాం?"

"పెడతాం."

నమ్రత తండ్రిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "ఓకే. కానీ బేస్‌కి ఒక రియల్ ప్రొఫైల్ కావాలి డాడ్. డీటెయిల్స్ ఉండాలి." ఆమె చూపు గది మూలకి తిరిగింది. అక్కడ దివాకర్ ప్రచార బోర్డులకి ఇనుప ఊచలు గుచ్చుతున్నాడు. "అంకుల్! నీకు జాబ్ పోయింది కదా? అది ఎలా ఉండింది?"

అప్పటిదాకా దివాకర్‌ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తర్వాతేంటి అనే అందరూ అడిగారు.

"ఎట్లుంటదమ్మా," అన్నాడు. "పొద్దుగాల ఆఫీసుకు పోయిన. గేటు కాడ బ్యాడ్జ్ పెడితే ఎర్ర లైటొచ్చింది. మిషన్ ఖరాబైందనుకున్న. మళ్ళ పెట్టిన, మళ్ళ ఎరుపే. ఎనక కార్లు లైను కట్టినయ్. ఎవడో హారన్ కొడితే చెయ్యి ఊపి సారీ చెప్పిన. అప్పుడు ఫోన్ చూస్తే మెయిలుంది. ఇంటికి పోబుద్ధి కాలే. మీనా కట్టిచ్చిన డబ్బా పక్క సీట్లనే ఉండె. పార్కింగ్ లాట్ల కూసొని తిన్న."

"దెన్?"

"మీనాకు చెప్పలే. రోజూ టైముకు తయారై, బ్యాగేసుకొని, పబ్లిక్ లైబ్రరీకి పోయి కూసునేటోణ్ణి. ఒకరోజు ఆద్య వాళ్ళ క్లాసును టీచర్ అక్కడికే తీసుకొచ్చింది. పిల్లలంత లైనుగ వస్తున్నరు. అది నన్ను చూసింది. 'డాడీ, నీ ఆఫీస్ ఇక్కడనా?' అనడిగింది." దివాకర్ ఊచ గుచ్చుతూ ఆగాడు. "అవును తల్లీ అన్న. దాని ఫ్రెండ్స్‌కు చూపించుకుంది, మా డాడీ ఆఫీసని."

నమ్రత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓ మై గాడ్. అంకుల్. దిస్ ఈజ్ గోల్డ్."

లక్ష్మీపతిగారు కుర్చీలోంచి లేచి వచ్చి, పక్కింటివాణ్ణి పెళ్ళికి సూటు అడిగినంత మర్యాదగా అడిగారు. "తమ్ముడూ, ఇది నేను వాడుకోనా? నీకెలాగూ వాడే చోటు లేదు కదా."

దివాకర్‌కి నవంబరు రెండో వారం గుర్తొచ్చింది. "నా ఫైలింగ్ అన్నా?"

"అది అండర్‌గో అవుతోంది."

"ఏం అండర్‌గో అయితుందన్నా?"

"ప్రాసెస్," అన్నారు లక్ష్మీపతిగారు గంభీరంగా.

* * *

ఆ నెల ఆఖర్లో బతుకమ్మ వచ్చింది. హైస్కూల్ జిమ్‌లో ఆడవాళ్ళు పూల చుట్టూ ఆడుతుండగా ఆట ఆపించి, లక్ష్మీపతిగారి చేతికి మైకు ఇచ్చారు. ఆయన తన బ్యాడ్జ్ గురించి చెప్పారు. ఎర్ర లైటు గురించి చెప్పారు. హారన్ కొట్టినవాణ్ణి ఆ క్షణమే క్షమించానన్నారు. ఇది ఆయన సొంత కల్పన, బాగా పండింది. డబ్బా దగ్గరికి వచ్చేసరికి జిమ్ అంతా ముక్కులు తుడుచుకుంటోంది. లైబ్రరీలో చిన్నారి నమ్రత "డాడీ, నీ ఆఫీస్ ఇక్కడా?" అనగానే ఒక పెద్దావిడ బతుకమ్మ పక్కనే కూలబడింది.

నిజానికి లక్ష్మీపతిగారికి జీవితంలో బ్యాడ్జ్ అన్నది లేదు. మామగారు పెట్టుబడి పెట్టిన కంపెనీలో దిగిన రోజు నుంచీ ఆయన ఓనరే. ఈ సంగతి జిమ్‌లో సగంమందికి తెలుసు. తెలిసీ ఏడ్చారు. వెర్బ్స్‌కి ఆ శక్తి ఉంది.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది జగదీష్. లక్ష్మీపతిగారితో ప్రతి శుక్రవారం పేకాడే ప్రాణస్నేహితుడు, ఈ ప్రచారానికి కోశాధికారి. "బ్యాడ్జ్ పని చెయ్యలేదా అన్నా! ఒక్క మాట నాతో అనలేదేం అన్నా!" అని కాళ్ళకి చుట్టుకుపోయాడు.

"ఎండ్యూర్ చేశాను జగ్గూ," అన్నారు లక్ష్మీపతిగారు.

సుబ్బులుగారు మాత్రం కారెక్కేదాకా నోరు మెదపలేదు. వెనక సీట్లో బోర్డులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న దివాకర్‌కి వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"నాకు కూడా చెప్పకుండా లైబ్రరీలో కూర్చున్నారా?"

"నిన్ను బాధపెట్టడం ఇష్టంలేక సుబ్బూ."

"అదలా ఉంచండి. పెళ్ళయిన నాటి నుంచీ నేను మీకు లంచ్ బాక్స్ కట్టలేదు. ఆ డబ్బా ఎవరు కట్టింది?"

కారు రెండు సిగ్నళ్ళు దాటింది.

"నేనే కట్టుకున్నాను," అన్నారు లక్ష్మీపతిగారు.

ఆ మాటతో సుబ్బులుగారి గుండె చెరువైంది. మొగుణ్ణి అలా ఒంటరిగా డబ్బా కట్టుకోనిచ్చిన పాపం తనదేనని ఇల్లు చేరేదాకా ఏడ్చారు. ఆ రోజు నుంచి ఆవిడ కథని నమ్మడమే కాదు, ఎవరైనా ఒక ముక్క తప్పు చెప్తే సరిదిద్దేవారు కూడా.

కథ పెరిగింది. పార్కింగ్ లాట్‌లో మంచు చేరింది. డబ్బాలో కూర పోయి గొడ్డు కారం మిగిలింది. కౌంటీలో వచ్చే ఒక చిన్న పత్రిక ఆయన ఫొటో వేసి, 'భరించిన మనిషి' అని హెడ్డింగ్ పెట్టింది. ఫొటోలో లక్ష్మీపతిగారు లైబ్రరీ మెట్లమీద కూర్చుని దూరంగా చూస్తున్నారు. అసలు లైబ్రరీ ఏ వైపుందో ఆయనకి దారి చెప్పింది దివాకరే.

వారానికోసారి దివాకర్ అడిగేవాడు. "అన్నా, నా ఫైలు?"

"అటార్నీ దగ్గర రివ్యూ అండర్‌గో అవుతోంది."

పై వారం "కొంత డిలే సస్టెయిన్ చేసింది" అన్నారు. ఆపై వారం "నువ్వు కూడా కొంచెం ఎండ్యూర్ చెయ్యాలి తమ్ముడూ, నన్ను చూడు" అన్నారు.

* * *

అభ్యర్థుల చర్చ ఆన్‌లైన్‌లో జరుగుతుందని తెలిసినప్పుడు లక్ష్మీపతిగారు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. రాసింది చదవడంలో ఆయనకి సాటి లేదు. అడిగింది చెప్పడంలోనే కాస్త ఇబ్బంది.

"ప్రాక్సీ," అన్నారు నమ్రతతో. "ఎంతమందిని గట్టెక్కించాం! నేను పెదాలు కదుపుతాను, దివాకర్ మాట్లాడతాడు. వాళ్ళెవరికీ నా గొంతు తెలీదు."

"డాడ్, దట్స్..." నమ్రత ఆగి ఆలోచించింది. ఓటింగ్ దగ్గరపడింది. "లైటింగ్ తక్కువ పెడదాం."

చర్చ సాయంత్రం. ఆ మధ్యాహ్నం దివాకర్ మనసాగక అటార్నీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. రిసెప్షన్‌లో అమ్మాయి పేరు రెండుసార్లు వెతికింది. శ్రీపతి గ్లోబల్ నుంచి అతని పేరుమీద ఏ ఫైలూ రాలేదంది. రివ్యూలో ఉందేమో చూడమన్నాడు. రానిదాన్ని రివ్యూ ఎలా చేస్తామని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది.

సాయంత్రం అతను బేస్‌మెంట్ ఆఫీసులో బల్లకింద, మైకు పట్టుకుని, గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా లక్ష్మీపతిగారి లుంగీ. బల్లపైన సూటు. ఎదుటి గోడ దగ్గర నమ్రత, చేతిలో ఫోన్.

"రూల్ గుర్తుంది కదా తమ్ముడూ," అన్నారు పైనుంచి. ఆయనే ఎందరికో నేర్పిన సూత్రం అది. "ఏం జరిగినా పెదాలు ఆగకూడదు. ఆగితే దొరికిపోతాం."

"నా ఇంటర్నెట్ కొంచెం డిలే అండర్‌గో అవుతోంది," అని ముందుగా సభకి చెప్పించారు. దాంతో పెదాలకీ మాటకీ మధ్య ఉన్న దూరానికి అనుమతి దొరికింది.

మొదట డెబ్రా హాల్‌స్టన్ మాట్లాడింది. రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్. ఇల్లు కాలిపోయిందంది. మొగుడు పోయాడంది. మర్నాడు పిల్లలు స్టాప్‌లో ఎదురుచూస్తుంటారని వెళ్ళి బస్సు నడిపానంది. దానివల్ల మీరు పొందిన పరివర్తన ఏమిటని మోడరేటర్ అడిగాడు. ఏం లేదు, చాలా కష్టమైంది అంది డెబ్రా.

"ఒక్క వెర్బ్ లేదు. పూర్ థింగ్," అని నమ్రత జాలిపడింది.

తర్వాత లక్ష్మీపతిగారి వంతు. దివాకర్ మొదలుపెట్టాడు. అందరికీ తెలిసిన కథే. బ్యాడ్జ్, ఎర్ర లైటు, డబ్బా, లైబ్రరీ, కూతురు. ఇంగ్లీషులో, నమ్రత రాసిచ్చినట్టే, వెర్బ్స్ ఒక్కటీ జారకుండా. పైన పెదాలు చక్కగా ఆడుతున్నాయి.

"ఆ సమయంలో మీకెవరూ సాయం చెయ్యలేదా?" అని మోడరేటర్ అడిగాడు.

ఈ ప్రశ్న కాగితంలో లేదు.

"చేస్తానన్నాడు ఒకడు," అంది బల్లకింది గొంతు. ఇప్పుడందులో వెర్బ్స్ లేవు. "ఒక కంపెనీ ఓనర్. నా వీసా కాగితాలు పెడతానన్నాడు. నేను వాడి బోర్డులు మోశాను. వాడి ఫంక్షన్లలో మైకు పట్టాను. కాగితాలు వెళ్ళాయా అంటే వెళ్తున్నాయన్నాడు. ఈరోజు మధ్యాహ్నం తెలిసింది. అసలు వాడు పంపనేలేదు."

లుంగీ ఒక్కసారి బిగుసుకుంది. పైన పెదాలు ఆగబోయి, రూలు గుర్తొచ్చి, మళ్ళీ కదిలాయి.

"అంతటితో ఆగలేదు. నా కష్టం కూడా తీసుకున్నాడు. నా కూతురు నన్నడిగిన మాటని తన కూతురు అడిగినట్టు ఊరంతా చెప్పుకున్నాడు. జనం ఏడ్చారు. వాణ్ణి కౌగలించుకున్నారు."

ఒక కాలు వచ్చి దివాకర్ డొక్కలో తన్నింది. అతను మైకు ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాడు. స్క్రీన్ మీద లక్ష్మీపతిగారి నుదుటి నిండా చెమట, కళ్ళ నిండా నీళ్ళు. అచ్చమైన భయంతో వచ్చిన నీళ్ళు. అంత నిజమైన కన్నీళ్ళు ఆ కౌంటీ రాజకీయాల్లో ఎవరూ చూసి ఉండరు. నమ్రత చేతిలో ఫోన్ చూసేవాళ్ళు పంపే హృదయాల ఎమోజీలతో నిండిపోతోంది. ఆమె తండ్రికేసి బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆపకు, కంటిన్యూ.

"సర్, ఆ ఓనర్ ఈ కౌంటీలోనే ఉన్నాడా?" మోడరేటర్ గొంతు తగ్గించాడు.

"ఉన్నాడు. పెద్ద ఇల్లు. బేస్‌మెంట్‌లో థియేటర్."

"వాడి పేరు చెప్పగలరా?"

లక్ష్మీపతిగారి పెదాలు 'చెప్పగలను' అన్నట్టు ఆడాయి. అలవాటుకొద్దీ ఆడినవే. ఇక మిగిలింది పేరు.

దివాకర్ పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు, బల్ల అంచు కింద నుంచి చెమట పట్టిన ఒక అరచెయ్యి దిగి, తడుముకుంటూ వచ్చి, అతని నడినెత్తిన గట్టిగా ఆనింది.

ఒట్టు.

నెత్తిన చెయ్యి పెట్టి వేసే ఒట్టుకి మనవాళ్ళలో ఇంకా విలువుంది. అది తప్పితే తల పగులుతుందంటారు. పగిలేది చెయ్యి పెట్టినవాడి తల కాదు, పెట్టించుకున్నవాడిది. ఆ తేడా దివాకర్‌కి అప్పుడు తట్టలేదు. మీనా గుర్తొచ్చింది. ఆద్య గుర్తొచ్చింది. పేరు చెప్తే మనసు చల్లబడుతుంది, చెప్పకపోతే ఫైలు వెళ్తుంది.

"పేరు చెప్పను," అన్నాడు. "అతన్ని క్షమించాను."

స్క్రీన్ మీద లక్ష్మీపతిగారు రెండు చేతులూ జోడించారు. మోడరేటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత డెబ్రా హాల్‌స్టన్ కూడా ఆయనకి సానుభూతి తెలిపింది.

* * *

లక్ష్మీపతిగారు భారీ మెజారిటీతో గెలిచారు.

"నేను గెలవలేదు," అన్నారు మర్నాడు, అదే బేస్‌మెంట్‌లో, అవే శాలువాల్లో. "నా కష్టాలు గెలిచాయి. అందుకే ఉద్యోగాలు పోయిన మన పిల్లల కోసం శ్రీపతి గ్లోబల్ తరఫున 'ఎండ్యూరెన్స్ సెల్' పెడుతున్నాను. జెన్యూన్‌గా అండర్‌గో అయినవాళ్ళు వచ్చి తమ కథ చెప్పుకుంటే చాలు. ఆ వారమే వీసా ఫైలింగ్."

చప్పట్లు తగ్గేదాకా ఆగి దివాకర్ ఆయన్ని మెట్లదగ్గర పట్టుకున్నాడు. "అన్నా, ఒట్టేసిన్రు. వచ్చే వారంతోని నా టైమైపోతది."

"మర్చిపోతానా తమ్ముడూ! కానీ నేనిప్పుడు ఎలెక్టెడ్. నా చేత్తో ఫైల్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్. కంపెనీ మీ వదిన పేరుమీదకి ట్రాన్సిషన్ అండర్‌గో అయింది. రేపు సెల్‌కి రా. నీది జెన్యూన్ కేసు. జరిగింది జరిగినట్టు చెప్పు. జస్ట్ ఫార్మాలిటీ."

దివాకర్ మీనాకి ఫోన్ చేసి సూట్‌కేసులు అటకమీద పెట్టెయ్యమన్నాడు.

మర్నాడు పొద్దున సెల్ కొలువుతీరింది. బల్లకి అవతల సుబ్బులుగారు, పక్కన జగదీష్. నమ్రత కాలేజీకి తిరిగి వెళ్ళిపోయింది, ప్రజాజీవితంలో నిజాయితీ అనే అంశం మీద పేపర్ రాయాలట. వరసలో ముందు కూర్చున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి చెప్పుకుని, ఫైలింగ్ ఖాయం చేసుకుని వస్తున్నారు. దివాకర్ వంతు వచ్చింది.

"చెప్పు బాబూ," అన్నారు సుబ్బులుగారు ఆప్యాయంగా. "ఏం అండర్‌గో అయ్యావు?"

జరిగింది జరిగినట్టు చెప్పాడు. గేటు దగ్గర ఎర్ర లైటు. హారన్. పక్క సీట్లో డబ్బా. సుబ్బులుగారి చిరునవ్వు డబ్బా దగ్గర ఆగింది. లైబ్రరీ దగ్గర పూర్తిగా పోయింది. ఆద్య అడిగిన మాట చెప్పేసరికి ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఛీ," అన్నారు.

"ఏంది వదినా?"

"ఆయన పడ్డ నరకాన్ని నువ్వు పడ్డట్టు మా ముందరే చెప్తున్నావే, నీకు కడుపుకి అన్నం తింటే అరుగుతుందా?"

జగదీష్ అప్పటికే ఫోన్‌లో చర్చ వీడియో పెట్టాడు. వీడియోలో లక్ష్మీపతిగారు మాట్లాడుతున్నారు, ఎర్ర లైటు గురించి. జగదీష్ ఫోన్‌నీ దివాకర్‌నీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మమ్మమ్మ! వదినా, కథే కాదు. గొంతు కూడా దించేశాడు వదినా! అచ్చం అన్నయ్య గొంతే!"

"అది నా గొంతే!" అరిచాడు దివాకర్. "బల్లకింద కూసొని నేనే మాట్లాడిన! గీ బల్ల కిందనే!"

జగదీష్ వంగి బల్లకింద చూశాడు. మళ్ళీ లేచాడు. "ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మన కంపెనీలో కుదరదు బాబూ," అన్నాడు జాలిగా.

"అన్నకు ఫోన్ చెయ్యండి వదినా. ఆయన్నే అడగండి."

సుబ్బులుగారు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. కొత్త సూపర్‌వైజర్‌గారు ఎక్కడో మీటింగ్‌లో ఉన్నారు. విషయం అంతా విన్నారు.

"దివాకరా? పాపం, మంచి కుర్రాడు," అన్నారు చివరికి. "నన్ను చూసి ఇన్‌స్పైర్ అయి ఉంటాడు. అల్లరి చెయ్యకు సుబ్బూ. పేరు బయటపెట్టొద్దు. అతన్ని నేను క్షమించాను."

ఫోన్ పెట్టేశారు. జగదీష్ పైకి చూసి దణ్ణం పెట్టాడు. భర్త ఔన్నత్యానికి సుబ్బులుగారి కోపం కరిగి నీరైపోయింది. పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, బల్లమీద ఉన్న దివాకర్ చేతిమీద తన చెయ్యి వేశారు.

"ఆయనే అంత మాటన్నాక నాకెందుకు పట్టింపు? చూడు నాన్నా, ఒకరివి ఎత్తుకోవడం తప్పు కానీ, కష్టాలు లేకపోవడం తప్పేం కాదు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. పెట్టడానికి మేం లేమూ?" ఆవిడ పెన్ను మూత తీశారు. "చెప్పు. ఎన్నేళ్ళవి పెట్టమంటావు?"